మోగని నాలుగో మెట్టు

రెండు మెట్లు మోగని హార్మోనియాన్ని, ఆ రెండు మెట్లూ నాకు అక్కర్లేదని వాదించి, చెప్పిన ధరలో సగానికి కొట్టుకొచ్చిన మనిషిని నేను. నిజామాబాద్‌లో పాత సామాన్లు అమ్మేవాళ్ళలో నా బేరానికి మూడు చెరువుల నీళ్ళు తాగనివాడు లేడు. ఆ రోజు మాత్రం ఆ దుకాణదారు చాయ్ తాగాడు, నాకూ ఒకటి తెప్పించాడు. బేరం తెగాక అమ్మినవాడు చాయ్ తెప్పించాడంటే గెలిచింది ఎవరో నాకు అప్పుడే తెలియాల్సింది. ఓడిపోయిన గిరాకీ చేతిలో చాయ్ పెట్టి సాగనంపడం నేను పాతికేళ్ళుగా చేస్తున్న పనే కదా.

"పెట్టె పాతదే గని అక్కా, లోపల ఇత్తడి అసలు సరుకు. తొమ్మిది వేలకు పైస తగ్గది," అన్నాడతను మొదట.

నేను ఎడమ చివర నుంచి తెల్ల మెట్లను ఒక్కొక్కటే నొక్కుతూ పోయాను. నాలుగోది మోగలేదు. గాలి మాత్రం వచ్చింది, నిద్రపోతున్న మనిషి ఊపిరిలాగా. ఏడోది కూడా అంతే.

"ఈ రెండు గాలి తింటున్నయి."

"బాగ చేపిచ్చుకుంటే మోగుతయి అక్కా."

"స రి గ మ ప ద ని. నాలుగోది మ, ఏడోది ని. నేను నేర్చుకునే రాగంల మ లేదు, ని లేదు. అయిదు స్వరాలు వాడుకునేదానికి ఏడు స్వరాల పైసలు ఎందుకియ్యాలె?"

అతను కాసేపు నా ముఖం, కాసేపు పెట్టె ముఖం చూశాడు. "ముప్పై ఏండ్లసంది దుకాణంల కూసుంటున్న. రాగం లెక్కన తగ్గియ్యమన్నోళ్ళను ఇయ్యాల్నే సూస్తున్న."

"జాకెట్టు ముక్క లేని చీరకు ధర తగ్గదా?"

నాలుగున్నర వేలకు తెగింది. పెట్టెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వస్తుంటే, గుంత వచ్చినప్పుడల్లా దాని తిత్తి తనంతట తానే కొంచెం తెరుచుకుని ఏదో ఒక సన్నని స్వరం వదిలేది. నేను వదలని స్వరం, నాకు చెప్పకుండా వచ్చిన స్వరం. ఇల్లు చేరేదాకా అలా వింటూనే ఉన్నాను.

మాది దుకాణాల వంశం. బోధన్‌లో బాపుకు కిరాణా దుకాణం ఉండేది, ఇప్పుడు తమ్ముడు నడుపుతున్నాడు. పెళ్ళయి నిజామాబాద్ వచ్చాక నేను మ్యాచింగ్ సెంటర్ పెట్టాను. చీర పట్టుకొస్తే దానికి కలిసే జాకెట్టు ముక్క, లంగా, ఫాల్ వెతికి ఇవ్వడం నా పని. ఎరుపులోనే నా దగ్గర నలభై రకాలున్నాయి. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ, అద్దాల తలుపు మీద ఎండ జారుతూ అరల్లోకి వచ్చేది. ముందు పసుపుల మీద, తర్వాత నారింజల మీద, చివరికి ఎరుపుల మీద పడేది. ఆ నడకకు ఒక పాట ఉన్నట్టే ఉండేది. నాకు వినిపించిన ముక్కల్ని రసీదు పుస్తకం వెనక రాసుకునేదాన్ని. ఎవరికీ చూపించలేదు. దుకాణంలో కూర్చున్న మనిషి పాటలు రాస్తుందని తెలిస్తే మెత్తటిదనుకుని ఉద్దెర అడుగుతారు.

ఆ గుట్టు రట్టయింది అవ్వ వల్ల.

అవ్వ మా గల్లీ మనిషి. డెబ్బై దాటింది. ఇంటి గడపలో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతుంది. నలభై ఏళ్ళుగా మా గల్లీ బతుకమ్మకు పాట ఎత్తేది ఆమెనే. ఆమె ఒక వరస పాడితే చుట్టూ తిరిగే ఆడవాళ్ళంతా అదే వరసను తిరిగి అందుకుంటారు. ఎత్తేవాళ్ళు లేకపోతే అందుకునేదీ ఉండదు. కిందటి బతుకమ్మకు, రెండో వరస మధ్యలో అవ్వ గొంతు తెగిపోయింది. అందరం వంగి, చప్పట్లకు చేతులు చాపి అలాగే ఆగిపోయాం. మళ్ళీ ఎత్తబోయింది. దగ్గు తప్ప ఏమీ రాలేదు. పక్కింటి వదిన ఇంట్లోంచి స్పీకర్ డబ్బా తెచ్చి ఫోన్‌లో పాట పెట్టింది. ఆట సాగింది. అవ్వ ఎప్పుడు వెళ్ళిపోయిందో ఎవరూ చూడలేదు. మిగిలిన రోజులు ఆమె తలుపు తెరవలేదు.

ఆఖరి రోజు, సద్దులనాడు, నేనే తలుపు తోసుకుని పోయి పిలిచాను.

"నా పాట ఒడ్సింది బిడ్డా," అంది చాటలోంచి తల ఎత్తకుండా. "పాట ఎత్తనప్పుడు నేను ఎందుకు? ఉత్తగ పువ్వులు సూడవోవుడేనా?"

వారం తర్వాత మా దుకాణం మెట్ల మీద ఆడవాళ్ళు కూర్చున్నప్పుడు వదిన లెక్క తేల్చింది. "వచ్చే ఏడు మొదటి దినం నుంచే డీజే పెట్టిద్దాం. అందరు చందా ఎయ్యిండ్రి. ముసలామెను ఎందుకు కష్టపెట్టాలె?"

నా నోరు నా అనుమతి అడగలేదు. "అవ్వ గొంతుకు సరిపోయేటట్టు నేనే పాట రాస్త. వచ్చే ఏడు గూడ అవ్వనే ఎత్తుతది."

వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది. "నువ్వా? నువ్వు రాసేటివి రసీదులే కద వదినా!"

ఆరుగురు ఆడవాళ్ళు నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నిజం చెప్పాలంటే అవ్వ మీద ప్రేమతో సగం, రసీదు వెనక రాతలకు ఒక సాకు దొరికిందని సగం అన్న మాట అది. కానీ అన్నాక అన్నట్టే. ఏడాది గడువు.

సంగీతం నేర్పే సారు బోధన్‌లో దొరికాడు. ఆస్పత్రిలో కాంపౌండర్‌గా చేసి రిటైరైన మనిషి. వాళ్ళ మెథడిస్టు చర్చిలో చిన్నప్పటి నుంచి హార్మోనియం ఆయనదే. బాపు దుకాణంలో సరుకులు తీసుకునేవాడు కాబట్టి నన్ను లంగా జాకెట్టు రోజుల నుంచి ఎరుగును. ఆదివారం ఆరాధన అయిపోయాక, మధ్యాహ్నం రమ్మన్నాడు.

"నెలకు ఎంత సారూ?"

"నీ ఇష్టం తల్లీ. నువ్వే చెప్పు."

బేరంలో ఇంతకంటే ప్రమాదమైన మాట లేదు. ఎంత చెప్పినా మనమే తక్కువవాళ్ళం అవుతాం. చివరికి క్రిస్మస్‌కు క్వాయర్ ఆడపిల్లలకు ఒకే రంగు జాకెట్టు ముక్కలు పద్దెనిమిది ఇచ్చే ఒప్పందం కుదిరింది. మీగడ తెలుపు. నాకు పడిన ధరకే వేసుకున్నాను, అది కూడా ఆయనకు తెలిసిపోయిందని నా అనుమానం.

ఇక ప్రయాణం సంగతి. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కాబట్టి జీరో టికెట్టు. పైసా ఖర్చులేదంటే నేను ఎంత దూరమైనా పోతాను. ఎడపల్లి దాటాక రోడ్డుకు రెండు పక్కలా నా చిన్నప్పుడు చెరుకు ఉండేది, ఇప్పుడు చాలావరకు వరి. అక్కడక్కడ ఒక చెరుకు మడి మిగిలి ఉంటే, దాని పక్క నుంచి బస్సు పోయేటప్పుడు ఆకులు ఒకదాన్నొకటి రాసుకునే చప్పుడు కిటికీలోంచి వచ్చేది. ఇంజన్ కింద ఒకే స్వరం, పైన ఆకుల గుసగుస. కండక్టర్ టికెట్టు చేతిలో పెట్టేదాకా నేను ఏ ఊళ్ళో ఉన్నానో, ఏ ఏట ఉన్నానో తెలిసేది కాదు. పాట మాటలు అక్కడే వచ్చేవి. దిగేసరికి సగం మర్చిపోయేదాన్ని. మిగిలిన సగం జీరో టికెట్టు వెనక రాసేదాన్ని.

మొదటి ఆదివారం సారు సా పట్టించాడు. రెండో ఆదివారం కూడా సానే.

"సారూ, ఒక్క అక్షరానికి రెండు వారాలా? పద్దెనిమిది ముక్కల్ల గిదొక్కటే వస్తదా?"

"మీ బాపు నిన్ను గల్లా మీద కూసోవెట్టినప్పుడు మొదాలు ఏం నేర్పిండు?"

"తక్కెడ ముల్లు నడుమ నిలవెట్టుడు."

"గదే సా. ముల్లు నిలవడనిది తూకమెట్ల ఏస్తవు?"

ఆ రోజంతా సా మీదే కూర్చున్నాను. మూడో వారం రి చెప్పాడు. రి ఒక్కటే కాదు, సా పక్కనే నిలబడే దగ్గరి రి ఒకటి, కొంచెం ఎడంగా జరిగే దూరపు రి ఒకటి ఉన్నాయన్నాడు. ఆయన శిష్యుల్లో దీన్ని నా అంత తొందరగా పట్టినవాళ్ళు లేరట. ఎందుకు ఉంటారు? కుంకుమ ఎరుపుకూ సిందూరపు ఎరుపుకూ తేడా చూపించి బతికేదాన్ని. రెండు గ లు, రెండు ద లు అంటుంటే నా అరలే కళ్ళ ముందు వరసగా వెలిగాయి. వాళ్ళ చర్చి పాటల పుస్తకంలో ప్రతి పాట నెత్తి మీదా రాగం, తాళం రాసి ఉంటాయి. అది చీర అంచు మీద ధర చీటీ లాంటిదని నేనంటే ఆయన చాలాసేపు నవ్వాడు. ఆ పుస్తకంలోంచే ఒక అయిదు స్వరాల రాగం తీసి ఇచ్చాడు, మోహనం. స రి గ ప ద. మ, ని అక్కర్లేదు. అప్పుడే నా బుర్రలో ఆ చౌక హార్మోనియం ఆలోచన పుట్టింది. సారును అడగలేదు. బేరానికి పోయేటప్పుడు తెలిసినవాళ్ళను వెంట తీసుకుపోతే వాళ్ళు నిజాలు మాట్లాడి బేరం చెడగొడతారని మా ఇంటి నమ్మకం.

పాట రాయడం కూడా ఆయనే నేర్పాడు. పల్లవి అంటే మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చే ఇల్లు, చరణం అంటే ఊరు తిరిగి రావడం. ఇంతవరకు బాగానే ఉంది. నేను రాసుకెళ్ళిన మొదటి వరస ఇది: "ఏటి ఒడ్డున విరగబూసిన బంగారు తంగేడు పసుపు వన్నెకు జోడేది చెప్పవే ఉయ్యాలో". ఆయన దాన్ని రెండుసార్లు చదివి, పుస్తకం నా చేతికిచ్చి, చర్చి ఆవరణ చుట్టూ బతుకమ్మ నడక నడుస్తూ, వంగి చప్పట్లు కొడుతూ పాడమన్నాడు. సగం చుట్టు తిరిగేసరికి నాకు ఆయాసం వచ్చింది. "బంగారు" దగ్గర చప్పట్లు ఒకచోట, మాట ఒకచోట పడ్డాయి.

"ఎందుకు ఇన్ని మాటలు కుక్కినవమ్మా?"

"మేం మీటరు మీద నాలుగు వేళ్ళు ఎక్కువనే కోస్తం సారూ. కొసరు లేకుంటే గిరాకీ మళ్ళ రాదు."

"గుడ్డకు కొసరు మంచిదే. పాటల కొసరు నీ ఇంట్లకెళ్ళి పోదు. పాడేటోళ్ళ ఊపిరిలకెళ్ళి పోతది."

ఆ ఒక్క మాట నన్ను ఆపినట్టు ఏ బేరమూ ఆపలేదు. అవ్వ ఊపిరి గుర్తొచ్చింది. నేను ఉదారంగా కొసరుతున్నదంతా ఆ ముసలామె రొమ్ములోంచి తీస్తున్నాను. ఇంటికొచ్చి ఆ వరసను కోశాను. "తంగేడు పసుపుకు ఉయ్యాలో, జోడేది చెప్పవే ఉయ్యాలో." చప్పట్లు మాటల మీద సరిగ్గా వాలాయి. మాటకూ మాటకూ మధ్య కొంచెం గాలి మిగిలింది. ఆ గాలి కూడా పాటేనని అప్పుడు తెలిసింది.

వానలు పడేనాటికి పన్నెండు చరణాలు అయ్యాయి. చరణానికో పువ్వు, పువ్వుకో రంగు, రంగుకో జోడు. బతుకమ్మకు నెల ఉందనగా హార్మోనియం నెత్తికెత్తుకున్నట్టు మోసుకుని అవ్వ గడపకు పోయాను.

"గిదేంది బిడ్డా, నన్ను బొందల వెట్టనీకె పెట్టె తెచ్చినవా?"

"నీ గొంతు కొలువనీకె తెచ్చిన అవ్వా."

"జాకెట్టుకు కొలిచినట్టా?"

"గట్లనే అనుకో."

ఒకటో మెట్టును సా చేసుకుని ఎత్తమన్నాను. ఆమె గొంతు నేలను రాసుకుంటూ కింద ఎక్కడో తిరిగింది. పై వరసలోని ఒకటో మెట్టు మీద పెడితే అందక దగ్గు వచ్చింది. రెండోది, మూడోది ఇంకా కిందే. అయిదోది పెడితే గొంతు గీరుకుపోయింది. చివరికి పెట్టె పక్కన పెట్టి, "నీకు ఎట్ల వస్తే అట్ల ఎత్తు" అన్నాను. అవ్వ బీడీ చుడుతూ, ఎవరికో కాక తనకు తానే చెప్పుకుంటున్నట్టు ఎత్తింది. ఎంత బాగుందని! పాత తంగేడు రెక్కలా ఎండి, తేలికైపోయి, ఇంకా పసుపుగానే ఉంది. నాలుగు స్వరాలే మిగిలాయి ఆ గొంతులో. సా, దాని కింద ద, పైన రి, గ. అంతకు మించి పోతే తెగుతుంది. ఆ నాలుగింటి మధ్య మాత్రం ఒక్క మరక లేదు.

కానీ ఆ సా ఎక్కడ? వెతుక్కుంటూ మెట్టు మెట్టూ నొక్కాను. దొరకలేదు. సారుకు ఫోన్ చేసి, ఫోన్‌ను అవ్వ నోటి దగ్గర పెట్టాను. అటునుంచి ఆయన హార్మోనియం రెండు మూడుసార్లు తడిమి, ఒకచోట ఆగింది.

"నాలుగో మెట్టమ్మా."

"నాలుగోది మ కద సారూ?"

"ఎవలు చెప్పిండ్రు? సా ఏడ పెడితే ఆడికెళ్ళి లెక్క. స్వరాలకు సొంతిండ్లు ఉండయి తల్లీ, అన్ని కిరాయి ఇండ్లే. మనిషిని బట్టి మారుతుంటయి." మళ్ళీ ఆయనే అడిగాడు. "ఏమాయె, నాలుగోది మోగుతలేదా?"

నేను చెప్పాను, రాగం లెక్కన బేరమాడిన సంగతి. ఫోన్‌లో ఆయన నవ్వు మొదలైంది, దగ్గుగా మారింది, మళ్ళీ నవ్వయింది. "ఎంత పని జేసినవమ్మా! మ కు ధర తగ్గిచ్చుకున్న అనుకున్నవు. అవ్వ సా అమ్ముకొని వచ్చినవు."

నాలుగో మెట్టు మీద వేలు పెట్టి నొక్కాను. అదే గాలి. నిద్రపోతున్న మనిషి ఊపిరి. కుడివైపు ఇంకో వరసలో అదే మెట్టు మోగుతుంది కానీ అది అవ్వ గొంతుకు అందనంత ఎత్తున ఉంది. పెట్టెలు బాగుచేసే మనిషి నాందేడ్‌లో ఉన్నాడంటే ఫోన్ చేశాను. "దసర్యానంతర్ యేతో, తాయీ," అన్నాడు మరాఠీలో. దసరా తర్వాత ఎందుకు నాయనా, పెళ్ళయ్యాక బాజాలా?

ఆ వారమంతా ముల్లు లేని తక్కెడలా తిరిగాను. నేను ఎత్తి చూపిస్తే సా ఒకనాడు ఒకచోట, ఇంకోనాడు ఇంకోచోట పడేది. నన్ను నమ్ముకుని ఎత్తితే అవ్వ రెండో వరసకే గ దగ్గర తెగేది.

ఒక సాయంత్రం అవ్వ చేతులు ఆపింది. బీడీలు చుట్టేటప్పుడు ఆమె చేతులు ఆగడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఫ్యాక్టరీ కూత యాదికున్నదా బిడ్డా? నువ్వు బోధన్ పిల్లవే కద."

ఎందుకు ఉండదు? చక్కెర ఫ్యాక్టరీ కూత వినే బాపు దుకాణం షట్టర్ ఎత్తేవాడు, గోడ గడియారం ముల్లు సర్దేవాడు. అది కూసినంతసేపు దుకాణంలో బేరాలు ఆగేవి. ధర చెప్తున్నవాడు నోరు తెరిచి అలాగే ఉండేవాడు. ఊరంతా ఒక్క ఊపిరి బిగబట్టినట్టు ఉండేది, గాలిలో బెల్లప్పాకం వాసన ఉండేది.

"మా నాయిన చెరుకు బండి కట్టెటోడు. బండ్ల వరస మైలు దాక ఉండె. గా బండ్ల పక్కనే మేం ఆడపిల్లలం బతుకమ్మ ఆడుతుంటిమి. నలుగురు నాలుగు తీర్ల ఎత్తుడు, లొల్లి. గా కూత కూసినంక దాని ఎంబడే ఎత్తితే అందరివి కలుస్తుండె. నేను గిప్పటికి గాడికెళ్ళే ఎత్తుత. కూత వోయింది గని నా చెవుల పోలే."

ఆమె కళ్ళు మూసుకుని సన్నగా "ఊ" అంది. నేనూ కళ్ళు మూసుకున్నాను. షట్టర్ కింద చిన్నపిల్లగా నిలబడి, బాపు చేతి మీద గోధుమపిండి చూస్తూ, ఆ కూత కోసం వెతికాను. దొరికింది. నా "ఊ" ఆమె "ఊ" మీద వాలినప్పుడు రెండూ కనపడకుండా పోయాయి, ఒక్కటే మిగిలింది.

మరుసటి ఆదివారం సారు ముందు అదే పట్టాను. ఆయన నాలుగో మెట్టు నొక్కి చూసి, "కొంచెం దిగువ. కొంచెమే," అన్నాడు. మూతపడ్డ ఫ్యాక్టరీ కూత ఇద్దరి చెవుల్లో ఇన్నేళ్ళు ఒకేలా నిలిచి ఉంటుందంటే దుకాణం మనిషిగా నేను నమ్మను. ఎవరైనా నాకే అమ్మజూపితే గ్యారంటీ చీటీ అడుగుతాను. కానీ ఆ రోజు నుంచి నా సా కదల్లేదు.

ఇక పాటను కోయడం మిగిలింది. నాలుగు స్వరాల్లోకి పన్నెండు చరణాలు దిగాలి. అవ్వ పరీక్ష వేరు. నేను చరణం చదివితే ఆమె బీడీలు చుడుతూ వినేది. ఆకు, పొగాకు, చుట్టు, దారం. "నా చేతులు ఆగినయంటే నీ మాట బరువున్నట్టు," అని ముందే చెప్పింది. మొదటి రోజే అయిదు చరణాలు ఆమె చేతుల్ని ఆపాయి. "పారిజాత పరిమళ" దగ్గర ఆకు చిరిగింది కూడా.

"ఈ ఆకు పైసలు ఎవలిస్తరు?" అంది.

తొమ్మిది చరణాలు పోయాయి. మూడు మిగిలాయి. తంగేడు, గునుగు, బంతి.

డబ్బా సంగతి తేల్చుకోవడానికి వదిన దగ్గరకు పోయాను. డీజే అప్పటికే మాట్లాడేశారు. మొదటి పదిహేను నిమిషాలు ఆపమన్నాను.

"అయిదు," అంది వదిన.

"పది."

"వదినా, పిల్లలు ఆగరు. ఆరు."

"ఏడు. నా చందా రెండింతలు ఇస్త."

వదిన నవ్వింది. "డబ్బా మోగకుండ ఉండనీకె డబ్బాకే చందా ఇస్తవా? నీ అసుంటి బేరం నేనెన్నడు చూడలే." ఏడు నిమిషాలు దక్కాయి.

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం అవ్వ తలుపు తెరిచింది. నేను జోడు కుదిర్చిన ఆకుపచ్చ జాకెట్టు వేసుకుంది. పువ్వులు నడుమ పెట్టి అందరూ చుట్టూ చేరారు. డీజే పిల్లలు తీగలు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. నేను అవ్వ భుజం వెనక నిలబడ్డాను. ఏడాదంతా నేను ఊహించుకున్నది వేరు. నా మాటలు గల్లీ అంతా పాడుతుంటే నేను మధ్యలో చేతులు కట్టుకుని వింటాననుకున్నాను. ఇప్పుడు నా పని సా పట్టుకోవడం, అంతే. కళ్ళు మూసుకుని, ఊరంతా ఊపిరి బిగబట్టిన ఆ చోటికి పోయి, పట్టాను.

అవ్వ ఎత్తింది. "తంగేడు పసుపుకు ఉయ్యాలో, జోడేది చెప్పవే ఉయ్యాలో."

కొత్త పాట కదా, మొదటిసారి ముగ్గురు నలుగురే అందుకున్నారు. రెండోసారి ఇంకొందరు. అడుగులు కుదిరాయి. గునుగు దగ్గర చప్పట్లు ఒక్కటిగా పడ్డాయి. అవ్వ గొంతు ఎండిన రెక్కలా గాలిలో తేలుతూ పోతోంది, తెగలేదు. మూడో చరణం బంతిది. అవ్వ నోరు తెరిచి ఆగిపోయింది. మర్చిపోయింది. అందరూ వంగి ఉన్నారు, చేతులు చాపి, సరిగ్గా కిందటేడులాగే. వదిన చూపు డబ్బా వైపు పోయింది. నేను మాట అందించాలంటే సా వదలాలి. వదిలితే ఆమెకు నిలబడేందుకు చోటు ఉండదు. వదల్లేదు. అవ్వ మెల్లగా తల తిప్పి నా వైపు చూసింది. చూసి, ఎత్తింది:

"జత ఎందుకే బిడ్డ ఉయ్యాలో, పక్కనుంటే సాలు ఉయ్యాలో."

అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అందుకున్నది వదిన. అదే వరసను మూడు చుట్లు తిరిగారు. మూడో చుట్టులో అవ్వకు దగ్గు వచ్చి మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంది. ఆమె లేకుండానే ఇంకో చుట్టు తిరిగింది పాట. అప్పుడు డబ్బా మోగింది. నా ఊపిరి, నా స్వరం, గునుగు పూలు అన్నీ ఆ చప్పుడులో కొట్టుకుపోయాయి.

అవ్వను గడప మీద కూర్చోబెట్టి నీళ్ళిచ్చాను. తాగి, మూతి తుడుచుకుని అంది. "గా మూడోది నేను కట్టింది. నీ పేరు వెట్టుకోకు."

"పెట్టుకోను అవ్వా. వచ్చే ఏడు ఎత్తుతవా మరి?"

"ఎత్తుత. నువ్వు ఎన్కకు ఉండు." కొంచెం ఆలోచించి, "గొంతుంటే," అంది.

పది రోజుల తర్వాత వదిన చీర పట్టుకుని దుకాణానికి వచ్చింది. సరైన రంగు ముక్క ఖరీదెక్కువ. నేను దాన్ని చూపిస్తుంటే ఆమె పక్కనున్న చౌక ముక్కను లాగి, "పక్కనుంటే సాలు ఉయ్యాలో" అని పాడి, నలభై రూపాయలు మిగుల్చుకుని పోయింది. నా మ్యాచింగ్ సెంటర్‌లో మ్యాచింగ్ వద్దని పాట.

ఇప్పుడు నిజాయితీగా లెక్క. హార్మోనియం నాలుగున్నర వేలు. దసరా దాటాక నాందేడ్ మనిషి వచ్చి రెండు మెట్లూ బాగుచేసి మూడు వేల రెండు వందలు తీసుకున్నాడు, పైగా ఇలాంటి పెట్టె అన్ని మెట్లూ మోగేది తాను ఏడు వేలకే ఇచ్చేవాణ్ణని చెప్పి పోయాడు. అంటే నా గొప్ప బేరం మీద నికర నష్టం ఏడు వందలు. జాకెట్టు ముక్కలు పద్దెనిమిది, అసలు ధరకు. చందా రెండింతలు. చిరిగిన తునికాకు ఒకటి, దాని పైసలు అవ్వ ఇప్పటికీ అడుగుతోంది. వదిన నలభై. బస్సు సున్నా. రాసిన చరణాలు పన్నెండు, పాడినవి రెండు, జనం నోట మిగిలింది ఒక్క వరస, అదీ నాది కాదు. నాదని చెప్పుకోగలిగింది ఏడు నిమిషాలు పట్టుకున్న ఒక్క సా. అందులోనూ రెండుసార్లు కొంచెం దిగజారాను. ఆ సంగతి నాకూ, అవ్వకూ తెలుసు.